సంపెంగ అందరికీ ఒకేలా గుబాళించదు

సింహాచలం సంపెంగలంటే విశాఖలో ఒక పేరుంది. కొండ కింద మెట్లు మొదలయ్యే తొలిపావంచా దగ్గర బుట్టల్లో పోసి అమ్ముతుంటే, దర్శనం చేసుకుని దిగినవాళ్లు నాలుగు పువ్వులు కొనుక్కోకుండా బస్సెక్కరు. ఆ బుట్టల ముందు ఒక్కోసారి చిన్న వాదన నడుస్తుంది. ఒకామె రెండడుగుల దూరంలో ఉండగానే "అబ్బ, ఎంత ఘాటో" అంటుంది. పక్కనామె పువ్వును ముక్కుకు ఆనించుకుని మరీ చూసి, ఏదో పచ్చి వాసన తప్ప ఇంకేమీ రావడం లేదంటుంది. "ఏటమ్మా, సింహాచలం సంపెంగకే వాసన లేదంటావేటి? జలుబు చేసిందేటి?" అని అమ్మే మనిషి నొచ్చుకుంటుంది.

జలుబు కాకపోవచ్చు. పువ్వు పాతదీ కాకపోవచ్చు. ఆ రెండో ఆమెకు మల్లె, కాఫీ, ఇంగువ పోపు, అగరొత్తి అన్నీ అందరికీ తెలిసినట్టే తెలుస్తూ, సంపెంగలోని ఏదో ఒక్క పదార్థం మాత్రం అందకపోతుండవచ్చు. మిగతా వాసనలన్నీ బాగానే తెలుస్తూ, ఒకటి రెండు మాత్రం ముక్కుకు చిక్కకపోవడాన్ని శాస్త్రజ్ఞులు స్పెసిఫిక్ అనోస్మియా అంటారు. ఇది జబ్బు కాదు. కరోనాలో వాసన పోవడానికీ దీనికీ సంబంధం లేదు. కరోనాలో వాసన నాడీకణాలకు ఆసరాగా ఉండే సహాయక కణాలు దెబ్బతిని, వాసనలన్నీ ఒక్కసారిగా పోయాయి. పోయిన సంగతి మర్నాటి కాఫీతోనే తెలిసిపోయింది. ఇక్కడ అలా పోయేదేమీ లేదు, మొదటినుంచీ లేదంతే. అందుకే చాలామంది ఆ సంగతి తెలియకుండానే జీవితం గడిపేస్తారు. తెలిసేదల్లా ఇలా ఎవరైనా పక్కన నిలబడి "అబ్బ" అన్నప్పుడే.

ముక్కు లోపల పై కొసన, కళ్ల ఎత్తులో, కొద్ది చదరపు సెంటీమీటర్ల పొర ఒకటుంటుంది. అందులో లక్షల కొద్దీ నాడీకణాలుంటాయి. ఒక్కో కణం మీద ఒక్క రకం రిసెప్టరే, అంటే వాసన అణువును పట్టుకునే ప్రోటీనే, ఉంటుంది. మనుషుల్లో ఇలాంటి రిసెప్టర్లు సుమారు 400 రకాలు. వీటిని తయారుచేసే జన్యువుల కుటుంబాన్ని లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 1991లో బయటపెట్టారు. 2004లో వాళ్లిద్దరికీ వైద్యశాస్త్ర నోబెల్ వచ్చింది ఈ రంగంలో చేసిన కృషికే. పనిచేసే ఈ 400 జన్యువులకు తోడు, అంతకంటే ఎక్కువ సంఖ్యలో మూలపడ్డవి కూడా మన డీఎన్ఏలో ఉన్నాయి. ఎప్పుడో మన పూర్వజీవులకు పనికొచ్చి, తరాలు గడిచేకొద్దీ పాడైపోయినవవి. ఆ పాడవడం అందరిలో ఒకేలా జరగలేదు. ఒకే జన్యువు ఒకరిలో చురుగ్గా ఉంటే, ఇంకొకరిలో మొద్దుబారి ఉంటుంది. ఏ ఇద్దరు మనుషుల్ని పోల్చినా వాళ్ల వాసన రిసెప్టర్ల జన్యురూపాల్లో 30 శాతానికి పైగా పనితీరులో తేడా ఉంటుందని 2014లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. అంటే ఒకే ఇంట్లో, ఒకే గదిలో కూర్చున్న నలుగురూ నాలుగు రకాల ముక్కులతో ఉన్నట్టే.

మరి అంత తేడా ఉంటే రోజూ గొడవలే కదా? అలా జరగకపోవడానికి కారణం, ఒక పదార్థం ఒక్క రిసెప్టర్‌నే తట్టదు, చాలావాటిని ఒకేసారి కదిలిస్తుంది. ఒక రిసెప్టరూ ఒక్క పదార్థానికే కట్టుబడి ఉండదు. మెదడు గుర్తుపట్టేది ఆ మొత్తం పోకడని. హార్మోనియంలో ఒక మెట్టు పలకకపోయినా పాట ఏదో తెలుస్తుంది. ఆ మెట్టు మీదే నిలబడ్డ పాట వచ్చినప్పుడే చిక్కు. కొన్ని పదార్థాలు సరిగ్గా అలాంటివి. తక్కువ మోతాదులో ఉన్నప్పుడు వాటిని పట్టే పని దాదాపుగా ఒకే రిసెప్టర్ మీద పడుతుంది. అది మొద్దుదైతే ఆ వాసన లేనట్టే.

సంపెంగలో ఉండే బీటా అయనోన్ కథ ఇదే. వయొలెట్ పువ్వుల వాసనకు దగ్గరగా ఉండే ఈ పదార్థం టమాటా, క్యారెట్, టీ ఆకుల్లో కూడా ఉంటుంది. క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ విరిగినప్పుడు పుట్టే ముక్కల్లో ఇదొకటి. సబ్బులు, పౌడర్లు, తలనూనెల సువాసనల్లో అయనోన్లు బాగా వాడతారు. దీన్ని పట్టుకునేది ఓఆర్5ఏ1 అనే రిసెప్టర్. దాని జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారితే, ప్రోటీన్‌లో 183వ స్థానంలో ఉండాల్సిన ఆస్పార్టిక్ ఆమ్లం బదులు ఆస్పరజిన్ వచ్చి కూర్చుంటుంది. అంతే, రిసెప్టర్ మందగిస్తుంది. న్యూజిలాండ్ శాస్త్రజ్ఞులు 2013లో తేల్చిన దాని ప్రకారం, బీటా అయనోన్ ఎవరికి ఎంత బాగా తెలుస్తుందనే తేడాలో 96 శాతానికి పైగా ఈ ఒక్క అక్షరమే వివరిస్తుంది. మనిషి ఇంద్రియాల విషయంలో ఇంత తేటగా తెమిలిన లెక్క అరుదు.

ఇందులో ఇంకా ఆసక్తికరమైనది, ఆ పదార్థం తెలియనివాళ్లకు కూడా మోతాదు పెంచితే ఏదో ఒకటి తెలుస్తుంది. కానీ తెలిసేది పూల వాసన కాదు. ఆ న్యూజిలాండ్ పరీక్షల్లో బాగా తెలిసినవాళ్లు సువాసన, పూల వాసన అని రాస్తే, తెలియనివాళ్లు పుల్లగా, ఘాటుగా, వెనిగర్‌లా ఉందని రాశారు. అంటే అసలు పని చేయాల్సిన రిసెప్టర్ పలకకపోయేసరికి, పక్కనున్న వేరే రిసెప్టర్లు తమకు తోచిన కబురు మెదడుకు పంపాయన్నమాట. అదే పదార్థాన్ని ఆపిల్ రసంలో, చాక్లెట్‌లో కలిపి ఇస్తే, తెలిసినవాళ్లు తేడాను సులువుగా పట్టేశారు. తెలియనివాళ్లు తడబడ్డారు. తిండిలో ఇష్టాయిష్టాలు కొన్ని నాలుక మీద కాకుండా ముక్కు దగ్గరే తేలిపోతున్నాయని దీన్నిబట్టి అనుకోవచ్చు.

తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా ఈ జన్యువు రెండు ప్రతుల్లో వస్తుంది. ఒక్కటి చురుకైనదున్నా చాలు, వాసన తెలుస్తుంది. రెండూ మొద్దువైతేనే తెలియదు. కాబట్టి సంపెంగంటే పడిచచ్చే తల్లికి, ఆ పువ్వులో ఏముందో అర్థంకాని కూతురు పుట్టడంలో వింతేమీ లేదు. ఇక సంపెంగలో ఉండేది అయనోన్ ఒక్కటే కాదు. ఇండోల్, మిథైల్ బెంజోయేట్, లినలూల్ లాంటివి చాలా కలిస్తేనే ఆ పరిమళం. అందువల్ల అయనోన్ అందనివాళ్లకు సంపెంగ వాసనే ఉండదనడం తప్పు. ఉంటుంది, కానీ తియ్యదనం ఎగిరిపోయిన ఏదో వేరే వాసనగా ఉండాలి. "అందరూ అంత గొప్పగా చెప్పే పువ్వు ఇదేనా" అని పెదవి విరిచేవాళ్లలో కొందరైనా ఈ కోవలోకే వస్తారు. అందరూ కాదు. పువ్వు ఎప్పుడు కోసింది, ఎంతసేపు ఎండలో ఉంది, కొనే మనిషి ముక్కు ఆ పూట ఎలా ఉందన్నవి కూడా లెక్కే. ప్రతి తేడాకూ జన్యువునే కారణంగా చూపించడం ఈమధ్య ఎక్కువైంది.

పువ్వు దగ్గర ఇలాంటి తగాదా శాస్త్రానికి ఎక్కడం కొత్తేమీ కాదు. అమెరికాలో ఆల్బర్ట్ బ్లేక్స్‌లీ అనే జన్యుశాస్త్రజ్ఞుడు 1918లోనే ఇలాంటిదొకటి రాశాడు. ఆయనకు గులాబీ రంగు వెర్బెనా పువ్వులు వాసనగా ఉంటే, ఎర్రవాటికి వాసనే లేదనిపించేది. ఆయన సహాయకుడికి సరిగ్గా తలకిందులు. ఇద్దరిలో ఒకరికి ముక్కు సరిగా లేదని తేల్చడానికి వీల్లేదు, ఇద్దరికీ ఒకటి తెలుస్తోంది, ఒకటి తెలియడంలేదు. తర్వాత 1960లలో జాన్ ఆమూర్ ఇలాంటి లోపాలను వరుసపెట్టి వెతికితే, వాసనల మూలసూత్రం దొరుకుతుందని ఆశపడ్డాడు. రంగులకు మూడు మూలరంగులున్నట్టే వాసనలకూ కొన్ని మూలవాసనలుంటాయని ఆయన లెక్క. ఆ లెక్క నిలవలేదు. 400 రిసెప్టర్లు బయటపడ్డాక, లెక్క అంత పొదుపుగా తేలేది కాదని అర్థమైంది. కానీ ఆయన మొదలుపెట్టిన దారి, అంటే ఉన్నదాన్ని కాకుండా లేనిదాన్ని పట్టుకుని వెతకడం, ఇప్పటికీ పనికొస్తూనే ఉంది.

పూర్ణా మార్కెట్ వైపు అత్తరు సీసాల దగ్గరికొస్తే ఈ విషయం ఇంకాస్త చిక్కుముడి పడుతుంది. కస్తూరి వాసన పేరుతో ఇప్పుడు దొరికేది దాదాపుగా ఫ్యాక్టరీలో తయారైన మస్క్. వాటిలో ఎక్కువగా వాడే గాలక్సోలైడ్ బట్టల సబ్బుల్లో, కంఫర్ట్ లాంటి ద్రవాల్లో, షాంపూల్లో కనిపిస్తుంది. దాని అణుభారం 258. వంటగ్యాస్‌కు వాసన తెప్పించే ఇథైల్ మెర్కాప్టాన్ అణుభారం 62 మాత్రమే. అణువు ఎంత బరువైతే గాలిలోకి అంత తక్కువగా లేస్తుంది, ముక్కుకు చేరేది అంత తక్కువ. ఆ చేరిన కొద్దిపాటినీ పట్టే రిసెప్టర్లు తక్కువైతే, ఒకటి మొద్దుబారగానే వాసన మాయమవుతుంది. గాలక్సోలైడ్ విషయంలో ఓఆర్4డీ6 అనే రిసెప్టర్ జన్యువులోని తేడాలే ముఖ్యమని 2022లో తేలింది.

అందుకే సెంటు కూర్చేవాళ్లు ఒకే మస్క్ మీద ఆధారపడరు. రెండు మూడు రకాలు కలుపుతారు. ఒకటి అందని ముక్కుకు ఇంకొకటైనా అందుతుందని. కలపకుండా ఒకే పదార్థంతో సెంటు చేస్తే ఏమవుతుందో 2006లో వచ్చిన మాలిక్యూల్ 01 చూపించింది. అందులో ఐసో ఈ సూపర్ అనే ఒక్క సువాసన పదార్థమే ఉంటుంది. కొందరు దానికి ప్రాణమిచ్చారు, కొందరు డబ్బిచ్చి నీళ్లు కొన్నామనుకున్నారు, ఇంకొందరికి కాసేపు తెలిసి, కాసేపు మాయమై, మళ్లీ తెలిసింది. అత్తరు కొట్టులో "ఇందులో వాసనే లేదు, నీళ్లు కలిపావు" అనే గొడవల్లో అన్నీ కల్తీ గొడవలు కావు. కల్తీ కూడా ఉంటుంది, అది వేరే సంగతి. ఇలాంటప్పుడు సీసాను ఇంకో ఇద్దరి ముక్కుకు పెట్టి అడగడం, వాదించడం కంటే త్వరగా తేలే పని.

చందనం కూడా ఈ బరువైన వాసనల్లోదే. దాని ప్రాణమంతా ఆల్ఫా, బీటా సాంటలాల్‌లలో ఉంది, వాటి అణుభారం 220. సింహాద్రి అప్పన్నకు అక్షయ తృతీయ ముందు చేసే చందనం అరగదీతలో సానమీద నీళ్లు చిలకరిస్తూ చెక్కను రాస్తుంటే, ఆ తడికీ రాపిడికీ కొద్దికొద్దిగా లేచే వాసన అది. మల్లెలా ఎదురొచ్చి మీద పడదు. దగ్గరికెళితేనే తెలుస్తుంది, చాలాసేపు ఉంటుంది. ఇలా గుట్టుగా ఉండే వాసనలు తెలియకపోతే ఎవరికీ అనుమానం రాదు. మనిషి తనకే శ్రద్ధ తక్కువనుకుంటాడు.

తెలియకపోవడం వేరు, అలవాటుపడిపోవడం వేరు. ఈ రెండూ తరచూ కలిసిపోతాయి. కొత్త అత్తరు పది నిమిషాలకే తెలియకుండా పోతుంది, పక్కవాళ్లకు మాత్రం తెలుస్తూనే ఉంటుంది. అది ముక్కు అలసట. బయట గాలిలో కాసేపు తిరిగొస్తే వాసన తిరిగొస్తుంది. సెంటు షాపుల్లో ముక్కు తేరుకోవడానికని కాఫీ గింజలు వాసన చూడమంటారు. అరకు కాఫీ అయినా సరే, మామూలు గాలి పీల్చడం కంటే దానివల్ల ఎక్కువ ఉపయోగమేమీ లేదని పరీక్షించి చూసినవాళ్లు చెప్పారు. కాఫీ వాసన బాగుంటుంది కాబట్టి పద్ధతి కొనసాగుతోంది.

విశాఖలో ఈ తేడా బాగా తెలియాల్సిన చోటు ఫిషింగ్ హార్బర్. బయటినుంచి వచ్చినవాళ్లు ముక్కు మూసుకునే చోట, రోజూ అక్కడే తిరిగేవాళ్లు టీ తాగుతుంటారు. వాళ్ల ముక్కులో లోపమేమీ లేదు. ఉన్నట్టుండి పాడైన సరుకు వస్తే మొదట పట్టేది వాళ్లే. మామూలుగా ఉండే వాసనను పక్కకు నెట్టి, మారిన వాసనను పట్టడమే ముక్కు పని. "వాళ్లకేం తెలుస్తుంది, అలవాటైపోయింది" అనే మాటలో చులకన ఎక్కువ, శాస్త్రం తక్కువ.

అయితే చేప వాసన విషయంలో నిజంగానే పుట్టుకతో తేడా ఉన్నవాళ్లున్నారు. సముద్రపు చేప ఉప్పునీటిని తట్టుకోవడానికి ఒంట్లో ట్రైమిథైలమైన్ ఆక్సైడ్ అనే పదార్థాన్ని ఉంచుకుంటుంది. చేప చచ్చాక బ్యాక్టీరియా దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తుంది. నీచు వాసన అంటే ముఖ్యంగా ఇదే. వంజరం ముక్కలకు చింతపండు, నిమ్మకాయ, ఉప్పు, పసుపు పట్టించి కడిగే అలవాటులో పసుపు సంగతెలా ఉన్నా, పులుపు చేసే పని మాత్రం ఖాయం. ట్రైమిథైలమైన్ క్షారం. ఆమ్లం తగలగానే లవణంగా మారి గాలిలోకి లేవలేకపోతుంది. చెరువు చేపలో ఆ పదార్థం తక్కువ కాబట్టి నీచూ తక్కువే. దాని బదులు మట్టి వాసన వేస్తుంది. అది జియోస్మిన్ వల్ల, తొలకరి వానకు నేల నుంచి వచ్చే వాసనలోనూ ఉండేదిదే. దీన్ని మనిషి ముక్కు లక్ష కోట్ల భాగాల్లో కొన్ని భాగాలున్నా పట్టేస్తుంది. బొచ్చె చేప పులుసులో పులుపు ఎక్కువ పడటానికి అదీ ఒక కారణమై ఉండాలి, జియోస్మిన్ కూడా ఆమ్లంలో విరిగిపోతుంది.

ట్రైమిథైలమైన్‌ను పట్టేది టార్5 అనే రిసెప్టర్. ఐస్‌లాండ్‌లో వేలమందికి వాసనలు చూపించి, వాళ్ల జన్యువులతో పోల్చి 2020లో ఒక పరిశోధన ప్రచురించారు. టార్5 జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్లకు చేప వాసన అంత వెగటుగా అనిపించలేదు. కొందరైతే ఆ సీసాలో ఉన్నది బంగాళాదుంప అన్నారు, పంచదార పాకం అన్నారు, గులాబీ అని కూడా అన్నారు. ఆ మార్పు ఐస్‌లాండ్‌లో మిగతా దేశాలకంటే ఎక్కువ. తరతరాలుగా చేపల మీద బతికిన దేశం కావడం వల్లే అలా జరిగిందా అన్న ఊహ వెంటనే వస్తుంది. చక్కటి ఊహే గానీ, దాన్ని నిరూపించడం కష్టం. చిన్న జనాభాలో ఒక జన్యుమార్పు కేవలం యాదృచ్ఛికంగా కూడా పెరగగలదు.

చెమట వాసనకూ ఇదే వర్తిస్తుంది. చంకల్లో చెమట మీద బ్యాక్టీరియా పనిచేసి తయారుచేసే 3-మిథైల్-2-హెక్సినాయిక్ ఆమ్లం కొందరికి ఎంత దగ్గరగా పెట్టినా తెలియదు. ఉక్కపోతకు మారుపేరైన ఊళ్లో, సిటీ బస్సులో, ఇది వరమే అనుకోవాలి. ఆండ్రోస్టెనోన్ అనే ఇంకో పదార్థం మరీ విచిత్రం. ఓఆర్7డీ4 రిసెప్టర్ ఏ రూపంలో ఉందన్నదాన్నిబట్టి అదే వాసన ఒకరికి మూత్రంలా, ఒకరికి వెనీలాలా తియ్యగా ఉంటుంది, ఇంకొకరికి అసలు ఉండదు. కొత్తిమీర సబ్బులా ఉందనేవాళ్ల కథ దీనికి దగ్గరిదే గానీ ఇదే కాదు. వాళ్లకు వాసన తెలియక కాదు, అందులోని ఆల్డిహైడ్లు అనే వాసన పదార్థాలు మిగతావాళ్లకంటే వేరుగా తెలియడం వల్ల. ఓఆర్6ఏ2 జన్యువు దగ్గరి మార్పుకు దీనితో సంబంధముందని 2012లో కనిపెట్టారు, కానీ దాని పాత్ర చిన్నదే. చారులో కొత్తిమీర ఏరి పక్కన పెట్టేవాళ్లందరినీ ఆ లెక్కలో వేయలేం.

తనకు ఫలానా వాసన నిజంగా తెలియదా, లేక పేరు పెట్టలేకపోతున్నారా అన్నది ఇంట్లోనే తేల్చుకోవచ్చు. పేరు పెట్టలేకపోవడం అందరికీ ఉన్నదే. తెలిసిన వాసననే కళ్లు మూసి చూపిస్తే తడుముకోనివాళ్లు తక్కువ. కాబట్టి "ఇదేమిటి" అని అడక్కూడదు, "ఏది వేరుగా ఉంది" అని అడగాలి. మూడు ఒకే రకం పేపర్ కప్పులు తీసుకుని, మూడింటిలో దూది పెట్టి, ఒకదానిలో మాత్రమే ఆ అత్తరు చుక్క వేయాలి. సంపెంగ రేకలతో చేయాలంటే మిగతా రెండింటిలో వాసన లేని ఏవైనా రేకలు వేయాలి. పైన కాగితం కప్పి, చిల్లులు పెట్టాలి. కప్పులు మార్చే మనిషి వేరు, వాసన చూసే మనిషి వేరు. చూసేవాళ్లు కళ్లు మూసుకుని, మార్చే మనిషి మొహం వైపు తిరగకుండా ఉండాలి. ఒక్కసారి సరిగ్గా చెప్పడంలో గొప్పేమీ లేదు, గుడ్డిగా చెప్పినా మూడోవంతు అవకాశముంది. వరసగా ఐదుసార్లు సరిగ్గా చెబితే మాత్రం, అది అదృష్టమయ్యే అవకాశం 243లో ఒకటే. మధ్యమధ్య ఒకటి రెండు నిమిషాలు ఆగాలి, లేకపోతే ముక్కు అలసిపోయి లెక్క తప్పుతుంది. సబ్బుల కంపెనీల్లో, ఆహార పరిశోధనశాలల్లో చేసే పరీక్షకు ఇది ఇంటి రూపం.

తెలియని వాసనను నేర్చుకోవచ్చా? కొంతవరకు అవుననే చెప్పాలి. ఆండ్రోస్టెనోన్ తెలియని 20 మందికి రోజూ దాన్ని వాసన చూపిస్తూ పోతే, వాళ్లలో 10 మందికి తెలియడం మొదలైందని 1989లో అమెరికాలో వైసాకీ బృందం చూపించింది. జర్మనీలో 1600 మందికి పైగా పాల్గొన్న పరిశోధనలు 2015లో రెండు సంగతులు చెప్పాయి. ఏదో ఒక వాసన అందకపోవడం అరుదైన సంగతి కాదు, చాలా మామూలు. ఆ అందని వాసనను పనిగట్టుకుని కొన్ని నెలలు చూస్తే చాలామందిలో మెరుగుదల వస్తుంది. జన్యువు మారదు కదా, మరి ఎలా? ముక్కులోని వాసన నాడీకణాలు కొన్ని వారాలకూ నెలలకూ కొత్తవి పుడుతూ ఉంటాయి. ఏ వాసన తరచూ తగులుతుంటే దానికి స్పందించగల కణాలు ఎక్కువ నిలుస్తాయన్నది ఒక వివరణ. ఉన్న కొద్దిపాటి కబురునే మెదడు గట్టిగా వినడం నేర్చుకుంటుందన్నది ఇంకొకటి. రిసెప్టర్ బొత్తిగా పనిచేయనివాళ్లకు ఎంత సాధన చేసినా ఫలితం రాకపోవచ్చు.

జలుబు, కరోనా తర్వాత వాసన మందగించినవాళ్లకు చెప్పే అభ్యాసం వేరే. జర్మనీకే చెందిన థామస్ హుమ్మెల్ 2009లో పెట్టిన పద్ధతిలో గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం నూనెలను ఉదయం ఒకసారి, రాత్రి ఒకసారి, 12 వారాలపాటు వాసన చూడాలి. ఖర్చు తక్కువ, కావాల్సింది ఓపిక. ఏదో ఒక వాసన పుట్టినప్పటినుంచీ తెలియకపోతే డాక్టరు దగ్గరికి పరుగెత్తాల్సిన పనిలేదు. వాసనలన్నీ ఉన్నట్టుండి పోయినా, ఒక వైపు ముక్కుకే తెలియకపోయినా, తలకు దెబ్బ తగిలాక పోయినా, లేని కాలిన వాసన పదేపదే వస్తున్నా మాత్రం ఈఎన్టీ డాక్టరుకు చూపించుకోవాలి, ఆలస్యం చేయకూడదు.

పువ్వులు, అత్తర్లు, చేపల పులుసు దగ్గర ఈ తేడాలు కబుర్లకు పనికొస్తాయి. వాసనను కాపలాగా పెట్టుకున్న చోట అలా తేలిగ్గా వదిలేయలేం. విశాఖకు ఇది దగ్గరి సంగతి. మల్కాపురంలో రిఫైనరీ, చుట్టూ రసాయన కర్మాగారాలు ఉన్న ఊరిది. "ఏదో వాసన వస్తోంది, చూడండి" అన్న మాటే ఇక్కడ చాలాసార్లు మొదటి హెచ్చరిక. వంటగ్యాస్‌కు సొంత వాసన లేదు. లీకైతే తెలియాలనే దానికి ఇథైల్ మెర్కాప్టాన్ కలుపుతారు. వంద కోట్ల భాగాల్లో ఒక భాగం ఉన్నా మామూలు ముక్కు పట్టే కంపు అది. అయినా అందరిదీ ఆ మామూలు ముక్కు కాదు. వయసు మళ్లేకొద్దీ వాసన తగ్గుతుంది, అదీ మెల్లగా, మనిషికి తెలియకుండా. నేషనల్ జియోగ్రఫిక్ పత్రిక 1986లో గీరి వాసన చూసే ఆరు చీటీలను పాఠకులకు పంపి, సుమారు 15 లక్షల మంది జవాబులు రాబట్టింది. ఆ ఆరింటిలో గులాబీ, లవంగాల పక్కనే మెర్కాప్టాన్‌ను కూడా పెట్టారు.

2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురం దగ్గర ఎల్జీ పాలిమర్స్ ప్లాంటు నుంచి, ప్లాస్టిక్ తయారీకి వాడే స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది చనిపోయారు. స్టైరీన్‌కు వాసన ఉంది, తక్కువ మోతాదులో కాస్త తియ్యగా ఉంటుంది, చాలా కొద్దిగా ఉన్నా తెలుస్తుంది. కానీ అది జనం నిద్రలో ఉన్న వేళ. నిద్రలో ముక్కు కాపలా కాయదు. గాఢనిద్రలో ఉన్నవాళ్లకు పిరిడిన్ లాంటి కంపును చూపించినా లేవలేదని 2004లో అమెరికా పరిశోధకులు రాశారు. పొగ వాసనకు మెలకువ వస్తుందిలే అనుకునేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి, లేపేది శబ్దం, వాసన కాదు. మురుగు మ్యాన్‌హోళ్లలో ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్‌ది ఇంకో మోసం. కొద్దిగా ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. గాలిలో పది లక్షల భాగాలకు 100 భాగాలు దాటితే నిమిషాల్లో ముక్కునే చచ్చుబడేస్తుంది. వాసన తగ్గిందని లోపలికి దిగినవాళ్లు ప్రాణాలు పోగొట్టుకునేది అక్కడే. ఇది ఏ జన్యువు ఉన్నవాళ్లకైనా ఒకటే.

కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు ఒంటరిగా వంట చేసుకుంటున్నా, కరోనా తర్వాత వాసన పూర్తిగా తిరిగిరానివాళ్లున్నా, గ్యాస్ డిటెక్టర్ ఒకటి పెట్టుకోవడం దండగ ఖర్చు కాదు. సిలిండర్ గ్యాస్ గాలికంటే బరువు, లీకైతే నేలమీద పరుచుకుంటుంది. అందుకని డిటెక్టర్‌ను గోడకు కింద, నేలకు ఒక అడుగు లోపు ఎత్తులో, స్టవ్వుకు మరీ ఆనుకోకుండా బిగించాలి. పైపుల్లో వచ్చే సహజవాయువు గాలికంటే తేలిక, పైకి లేస్తుంది. ఆ కనెక్షన్ ఉన్న ఇళ్లలో అదే డిటెక్టర్ పైకప్పుకు దగ్గరగా ఉండాలి. కొనేటప్పుడు అది ఏ గ్యాస్‌కు పనిచేస్తుందో, సెన్సర్ ఎన్నేళ్లకు మార్చాలో పెట్టె మీద చూసుకోవాలి.